చెరిపిన ఫైళ్ళు మళ్ళీ వస్తున్నాయి: ఫార్మాట్ కొట్టేయాలా, వద్దా?

జిరాక్స్‌షాపు
అన్నలూ, చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు మాది. విండోస్ 7 ఉన్న సిస్టమ్‌లో నేను పెట్టని ఫైళ్ళు పుట్టుకొస్తున్నాయి. డెస్క్‌టాప్ మీద ‘డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ’ అని మసకగా రెండు కనిపిస్తున్నాయి. బయోడేటాల ఫోల్డర్‌లో ~$తో మొదలయ్యే ఫైళ్ళు చేరుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఏంటంటే, పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోతున్నాయి. చెరిపేస్తే క్షణాల్లో మళ్ళీ ప్రత్యక్షం. రిపేర్ కుర్రాడు ఫార్మాట్ తప్ప దారి లేదంటున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్, పత్రికల పని చేతినిండా ఉంది. పత్రికల పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు అనూ ఫాంట్లు మళ్ళీ ఎక్కించాలంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?

హార్డ్‌వేర్‌అన్న
కుర్రాడు చెప్పింది కరెక్టే తమ్ముడూ. డేటా బయటికి తీసి ఫార్మాట్ కొట్టు, ఒక పూటలో అయిపోతుంది. వైరస్ వెంట పరిగెత్తేవాళ్ళు వారం తర్వాత మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

పాతపెంటియం
ఆగండన్నా. ఆయన చెప్పిన మూడూ వేటికవే వేరు. మూడిటికీ ఒకే మందు వేస్తే ఎలా?

డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ విండోస్ సొంత ఫైలు. ఫోల్డర్ ఐకాన్ ఏంటి, ఎలా చూపించాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. ఒకటి మీ యూజర్ డెస్క్‌టాప్‌ది, రెండోది అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ డెస్క్‌టాప్‌ది. అందుకే జంటగా కనిపిస్తున్నాయి. అవి ఎప్పుడూ ఉన్నవే. ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్ళను దాచే టిక్ ఎవరో తీసేశారు. మీ కుర్రాడే వైరస్ వెతుకుతూ తీసి ఉంటాడు. టిక్ మళ్ళీ పెట్టండి, అంతే.

~$ ఫైళ్ళు వర్డ్‌వి. డాక్యుమెంట్ తెరిచినప్పుడు, ఇది ఫలానా యూజర్ చేతిలో ఉందని వర్డ్ రాసుకునే చీటీ అది. సైజు చూడండి, 162 బైట్లు ఉంటుంది. ఫైలు మూసేస్తే అదే పోతుంది. కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోతే మిగిలిపోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎలా ఉందో చూసుకోండి.

మూడోది మాత్రం అసలైన దొంగ. ఒక షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ చదవండి, తెరవొద్దు. ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట సీఎండీ (కమాండ్ ప్రాంప్ట్) అనో, డబ్ల్యూస్క్రిప్ట్ (స్క్రిప్ట్‌లు నడిపే విండోస్ ప్రోగ్రామ్) అనో ఉంటుంది. దాన్ని నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, వెనకే మీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, అందులోని ప్రోగ్రామ్‌ను దానంతటదే నడిపే ఆటోరన్‌తో అంటుకునేది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లకు దాన్ని ఆపేసేలా అప్‌డేట్ ఇచ్చాక, మన చేతే నొక్కించే ఈ పద్ధతి బాగా పెరిగింది.

మీరు చెరిపేది అది పెట్టిన గుడ్లని. పెట్టేది మెమరీలో కూర్చుని ఉంది. పెన్‌డ్రైవ్ తీసేసి, నెట్ ఆపి, టాస్క్ మేనేజర్‌లో డబ్ల్యూస్క్రిప్ట్ నడుస్తోందేమో చూసి ఆపండి. తర్వాత సిస్టమ్ ఆన్ అవగానే ఏవి నడుస్తాయో చూపించే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో స్టార్టప్ ట్యాబ్, ఆపైన టైముకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్ చూడండి. కమాండ్ కాలమ్‌లో ఏ స్క్రిప్ట్ దారి ఉందో రాసుకుని, టిక్ తీసి, ఆ ఫైలును చెరపండి. పెన్‌డ్రైవ్ సంగతి ఆ తర్వాత.

హార్డ్‌వేర్‌అన్న
బాగా చెప్పావు. కానీ పట్టుకున్నది ఒక్కణ్ణి. వాడు లోపలికి తెచ్చినవాళ్ళ సంగతి? ఇలాంటివి చాలావరకు తలుపు తీసే రకం. వెనకాల పాస్‌వర్డ్‌లు లాగేది ఇంకోటి దిగుతుంది, అది ఏ ఫైలూ బయటికి చూపించదు. జిరాక్స్ షాపంటే ఊళ్ళోవాళ్ళ ఆధార్లు, పాన్‌కార్డులు, మార్కుల లిస్టులు. పైగా విండోస్ 7. 2020 జనవరి 14తో దానికి సపోర్ట్ ఆగిపోయింది. షార్ట్‌కట్లు రావడం ఆగిందని శుభ్రమైపోయిందనుకుంటే ఎట్లా?

పాతపెంటియం
ఒప్పుకుంటానన్నా, ఆ మాట నిజమే. నా గొడవ వేరే. సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొట్టి, డి డ్రైవ్‌ని, షాపులోని పెన్‌డ్రైవ్‌లని అలాగే వదిలేస్తారు. కస్టమర్ తెచ్చిన మొదటి పెన్‌డ్రైవ్‌తోనే కథ మళ్ళీ మొదలు. దారి మూయకుండా ఫార్మాట్ కొడితే కూలి దండగ.

గోడమీదపిల్లి
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాక్ వాడే మా అన్నయ్య పెన్‌డ్రైవ్‌లో ప్రతి ఫైలుకీ ముందు చుక్క, గీత ఉన్న జంట ఫైలు ఒకటి కనిపిస్తోంది. అదీ ఇదేనా?

పాతపెంటియం
కాదమ్మా. మాక్ తన అదనపు వివరాలు దాచుకునే ఫైళ్ళవి. విండోస్‌లో పని లేదు, చెరిపినా నష్టం లేదు. ఆయన మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ వస్తాయి.

జిరాక్స్‌షాపు
చూశాను. డబ్ల్యూస్క్రిప్ట్ ఉంది. స్టార్టప్‌లో అర్థం పర్థం లేని అక్షరాల పేరుతో ఒక ఎంట్రీ, దాని దారి ప్రోగ్రామ్‌లు తమ డేటా పెట్టుకునే యాప్‌డేటా ఫోల్డర్ లోపలికి పోతోంది. ఆపి, చెరిపి, రీస్టార్ట్ చేశాక షార్ట్‌కట్‌లు పుట్టడం ఆగింది. కానీ పెన్‌డ్రైవ్‌లో అసలు ఫోల్డర్లు కనపడటం లేదు. పోయాయా?

పాతపెంటియం
పోలేదు, దాచింది. ముందు షార్ట్‌కట్‌లు తీసేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో పెన్‌డ్రైవ్ అక్షరం కొట్టి దాంట్లోకి వెళ్ళి, ‘అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డి’ ఇంగ్లిష్‌లో కొట్టండి. అక్షరం తప్పు పడి సి డ్రైవ్ మీద నడిపారో, విండోస్ దాచుకున్న ఫైళ్ళన్నీ బయటపడతాయి, ఐఎన్ఐలు చూసి మళ్ళీ ఇక్కడికే వస్తారు.

జిరాక్స్‌షాపు
వచ్చాయన్నా! పేరే లేని ఫోల్డర్ ఒకటి బయటపడింది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. తెరిస్తే అన్నీ అందులోనే ఉన్నాయి.

హార్డ్‌వేర్‌అన్న
ఖాళీ కాదు, కంటికి కనపడని స్పేస్ అక్షరం ఆ ఫోల్డర్ పేరు. చూశావా, ఎంత తెలివో? అందుకే ఫార్మాట్ అంటున్నా.

పాతపెంటియం
సరే అన్నా, సగం దారిలో కలుద్దాం. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. దానికోసం పాత విండోస్ ఉంచక తప్పదంటే ఆ సిస్టమ్‌కి నెట్ పీకేసి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టనివ్వకుండా డీటీపీకే వదిలేయాలి. ప్రింట్లకీ ఆధార్లకీ కొత్త విండోస్ ఉన్న ఇంకోటి.

జిరాక్స్‌షాపు
రెండో సిస్టమ్‌కి ఇప్పుడు డబ్బుల్లేవు. సీజన్ అయ్యాక ఫార్మాట్ కొట్టిస్తా. అప్పటిదాకా బ్యాంకు పనులు ఫోన్లో చూసుకుంటా.

హార్డ్‌వేర్‌అన్న
పాస్‌వర్డ్‌లు కూడా ఈ రోజే ఫోన్‌లోంచి మార్చెయ్, సిస్టమ్‌లోంచి వద్దు. ఆధార్ ప్రింట్ల ఫైళ్ళు ఏ రోజువి ఆ రోజే తీసెయ్. పేజ్‌మేకర్, అనూ సీడీలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికి పెట్టుకో.