చెన్నైలో మొదటి సాయంత్రం: నది ఒడ్డున కూర్చునే చోటుందా?

కృష్ణలంక:
అమ్మానాన్నలతో విజయవాడ నుంచి వస్తున్నాం. మధ్యాహ్నం రెండింటికి సెంట్రల్‌లో దిగుతాం, బస మైలాపూర్‌లో. మొదటి రోజు ఎక్కువ తిరగలేం. కూవం, అడయారు అని రెండు నదులున్నాయి కదా, సాయంత్రం ఏదో ఒక ఒడ్డున కాసేపు కూర్చోవచ్చా? అమ్మకు మోకాళ్ల నొప్పులు.

లజ్ కార్నర్:
కూవం ఒడ్డు ఆశ పెట్టుకోకండి. మురుగు కలుస్తుంది. పైగా రెండు నదులూ సముద్రంలో కలిసేచోట అలలు ఇసుక మేట వేస్తాయి. నీళ్లు కదలవు, వాసన కొడుతుంది. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పుడే అవి నదుల్లా కనిపిస్తాయి. అడయారును మాత్రం బీసెంట్ నగర్ వెళ్తూ తిరు వి.క. వంతెన మీద నుంచి చూడొచ్చు. ఆటో ఎడమ వైపు కూర్చుంటే నది సముద్రం వైపు విచ్చుకున్న చోటు కనిపిస్తుంది.

మీకు కావలసింది నీటి ఒడ్డయితే మైలాపూర్‌లోనే కపాలీశ్వరుడి గుడి కోనేరు చాలు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి. కోనేరు గుడికి పడమర వైపు. పొద్దుగుంకే వేళ ఆ గట్టున ఉంటే గోపురం మీద ఎండ రంగు మారడం కనిపిస్తుంది. తర్వాత మాడ వీధిలో కాళత్తి కొట్టులో రోజ్ మిల్క్. మైలాపూర్‌లోని లజ్ కూడలి దగ్గర మెట్రో పనులు, దారి మళ్లింపులు. గుడి చుట్టుపక్కలకు ఆటో కంటే నడకే త్వరగా అవుతుంది.

వేళచ్చేరి లోకల్:
సెంట్రల్ నుంచి లోకల్ రైల్లో రావాలనుకుంటే ఒక్క పొరపాటు చేయకండి. ఎదురుగా రెండు స్టేషన్లు. ‘పార్క్’ తాంబరం లైను, ‘పార్క్ టౌన్’ వేళచ్చేరి లైను. మీకు రెండోది. అక్కడ నుంచి ఆరో స్టేషను తిరుమయిలై, అదే మైలాపూర్ స్టేషను. అయితే ఈ లైనులో ప్లాట్‌ఫారాలు ఎత్తున ఉంటాయి, ఎస్కలేటర్ ఆగిపోయి ఉంటే మెట్లే గతి. అమ్మగారి మోకాళ్లకూ మీ సామాన్లకూ అది సరిపడదు. యాప్‌లో కారు పెట్టుకోండి.

కృష్ణలంక:
థాంక్సండీ. కోనేరు తర్వాత మెరీనా వెళ్లొచ్చా? సూర్యాస్తమయం అక్కడ చూద్దామనుకున్నాం.

లజ్ కార్నర్:
తూర్పు తీరం కదండీ, సూర్యుడు మీ వెనక ఊళ్లో దిగుతాడు! పౌర్ణమి నాడైతే వేరు, సరిగ్గా ఆ వేళకే చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు. కాబట్టి ముందు కోనేరు, చీకటి పడ్డాక బీచ్.

ఐస్ హౌస్ స్టాప్:
మెరీనాలో అసలు చిక్కు ఇసుక. హార్బరు కట్టాక దానికి దక్షిణాన ఇసుక చేరి తీరం వెడల్పయింది, రోడ్డు దగ్గర దిగితే నీళ్లు ఎక్కడో ఉంటాయి. వివేకానందర్ ఇల్లం (వివేకానందుడి స్మారక భవనం) ఎదురుగా 2022లో వేసిన చెక్క దారి ఉంది, సుమారు 260 మీటర్లు, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. అమ్మగారిని అటే తీసుకెళ్లండి. అక్కడి ‘తేంగా మాంగా పట్టాణి సుండల్’ మన గుగ్గిళ్లే, కొబ్బరీ మామిడీ వేసిన ఎండు బఠాణీలు. కళ్ల ముందు వేయించిన మిరపకాయ బజ్జీ సరే, మూత లేకుండా పెట్టిన మామిడి ముక్కలు వద్దు. నీళ్లలో పాదాలు తడిస్తే చాలు, ఈదడానికి దిగొద్దు. లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, పోలీసులు కూడా ఒప్పుకోరు.