శివారు లేఅవుట్ మురుగుకి కంకర మడి చాలా, ఎస్టీపీయే (గాలి ఊది మురుగుని శుద్ధిచేసే ప్లాంటు) కావాలా?

జమ్ముగడ్డి: మెయిన్ డ్రైనేజీ రాని, 100 మంది ఉన్న లేఅవుట్ గురించి కదా ప్రశ్న. నా ఓటు మడికే, అంటే కంకర నింపి మొక్కలు పెంచి, మురుగుని అందులోంచి పారించి శుభ్రం చేసే గుంతకి. మనిషికి రోజుకి 100 లీటర్లంటే మొత్తం 10 ఘనపు మీటర్లు. వేడి ప్రాంతంలో మనిషికి 2 చదరపు మీటర్ల చొప్పున 200 చ.మీ. మడి, 60 సెం.మీ. లోతున 10–20 ఎం.ఎం. కంకర. సందులు 40 శాతం అనుకుంటే నీళ్లు దాదాపు ఐదు రోజులు అందులో ఉంటాయి. ముందు సెప్టిక్ ట్యాంకు, మడిలో జమ్ము గానీ మెట్టతామర గానీ. వాలు కుదిరితే కరెంటే అక్కర్లేదు.

బ్లోయర్: దోమల సంగతి?

జమ్ముగడ్డి: నీటిమట్టం కంకర పైభాగానికి 5–10 సెం.మీ. కిందే ఉంటుంది. గుడ్లు ఎక్కడ పెడతాయండీ?

బ్లోయర్: పూడాక పైకొస్తాయిగా నీళ్లు! అప్పుడు దోమలే.

గులకరాయి: కంకర కడిగి పోయించండి. క్రషర్ పొడితో పోస్తే పూడిక మొదటి రోజు నుంచే.

జమ్ముగడ్డి: మళ్లీ దోమలేనా! పూడేది నీళ్లు దిగేచోటే, అందుకే అక్కడ 40–80 ఎం.ఎం. రాళ్లు వేస్తాం. ట్యాంకులో బురద మూడోవంతుకి చేరగానే తోడించకపోతే అది మడిలోకే కొట్టుకొస్తుంది. తప్పు మడిది కాదు. మీ ఎస్టీపీలో గాలి ఊదే బ్లోయర్ ఒక్కరోజు ఆగినా కంపు మొదలు.

బ్లోయర్: అమ్మోనియా మాటెత్తరేం? అడ్డంగా పారే మడిలో ఆక్సిజన్ చాలదు, అది అలాగే బయటికొస్తుంది.

జమ్ముగడ్డి: ఒప్పుకుంటా. అది పోవాలంటే నిలువు మడి కావాలి, పైనుంచి విడతలవారీగా నీళ్లు వదలాలి. మొక్కలకి పెట్టే నీళ్లకి ఆ బాధ లేదు. క్రిములు మాత్రం పూర్తిగా చావవు, ఆకుకూరల మీద చల్లకండి.

బ్లోయర్: సరే, దోమలు వదిలేయండి. ఇవాళ 100 మంది. మేడ మీద మేడ లేచి 300 మందైతే మీ ఐదు రోజులు ఒకటిన్నర రోజవుతుంది. ఎస్టీపీకైతే ఉన్న జాగాలోనే గాలి పెంచి, మీడియా (బ్యాక్టీరియా అంటుకుని పెరిగే ముక్కలు) వేసి కొంత నెట్టుకురావచ్చు. మడిని ఎటు పెంచుతారు?

జమ్ముగడ్డి: మూడు మడులకి జాగా ముందే ప్లానులో చూపించాలి. ఒకటి కట్టి, ఇళ్లు నిండేకొద్దీ మిగతావి. పది ఇళ్ల మురుగుతో పెద్ద ఎస్టీపీ నడపండి చూద్దాం, బ్యాక్టీరియాకి తిండే చాలదు.

బ్లోయర్: 600 చ.మీ. ఖాళీగా ఉండనిస్తారా ఎవరైనా? అసలు గొడవ అదే, జమ్ము కాదు.

జమ్ముగడ్డి: ఉండనివ్వకపోతే అది ప్లాట్లు కోసినవాళ్ల తప్పు.

గులకరాయి: ఇంతకీ ట్యాంకు ఔట్‌లెట్‌కి T ఆకారపు పైపు ఉందా? లేకపోతే తెట్టు నేరుగా మడిలోకే.