మంచు తుఫాను రోజున యూనివర్సిటీ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? వెళ్లకపోతే వీసాకి ఇబ్బందా?

పెన్నాతీరం

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. స్ప్రింగ్ ఇన్‌టేక్‌లో ఎమ్మెస్‌కి జనవరిలో మిషిగన్ వెళ్తున్నాను. రూమ్ క్యాంపస్‌కి రెండు కిలోమీటర్ల దూరంలో దొరికింది. కారు లేదు, సిటీ బస్సే దిక్కు. సోమ, బుధవారాల్లో పొద్దున 8 గంటలకే క్లాసు. డైనింగ్ హాల్లో పని చూస్తానని ఒక సీనియర్ అన్నారు, అది కూడా తెల్లవారుజాము షిఫ్టేనట.

మా దగ్గర తుఫాను వస్తుందంటే ముందురోజు సాయంత్రానికే కలెక్టర్ గారు సెలవు ప్రకటిస్తారు, టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. అక్కడ ఎవరు చెప్తారు? ఎప్పుడు చెప్తారు? యూనివర్సిటీ తెరిచే ఉండి, నేను వెళ్లలేకపోతే ఏంటి పరిస్థితి? అటెండెన్స్ తగ్గితే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్‌కి దెబ్బ అని ఒక వాట్సాప్ గ్రూపులో చదివాను. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంట్లో చెప్పలేదు.

హనుమకొండ అక్క

తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఆ భయమే. చలికి భయపడి ఒకరోజు క్లాసుకి వెళ్లనంత మాత్రాన ఎఫ్-1 స్టేటస్ పోదు. నీలాంటి డిగ్రీ విద్యార్థుల విషయంలో చూసేది సెమిస్టర్‌కి ఫుల్‌టైమ్‌గా నమోదై ఉన్నావా, చదువు సాగుతోందా అని. ఫలానా బుధవారం 8 గంటల క్లాసులో కూర్చున్నావా అని ఇమిగ్రేషన్ వాళ్లు చూడరు. అటెండెన్స్‌కి మార్కులుంటే అది నీకూ ప్రొఫెసర్‌కీ మధ్య విషయం. బయల్దేరే ముందే ఒక మెయిల్ పెట్టు: "బస్సులు నడవట్లేదు, నడిచి రావడం క్షేమం కాదు, ఈరోజు రాలేను." రెండు లైన్లు చాలు.

నేను మిషిగన్‌లోనే ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో పనిచేస్తాను. కొన్నేళ్ల కిందట మన అమ్మాయి ఒకతె బస్సు కోసం చూసీ చూసీ, అది రాకపోయేసరికి నడుచుకుంటూ వచ్చేసింది. చెవులు తెల్లగా పాలిపోయాయి, ముట్టుకుంటే తెలియడం లేదంది. తీరా చూస్తే ఆరోజు క్లాసులు రద్దు. ఆ మెసేజ్ ఆమెకి చేరలేదు, ఎందుకంటే యూనివర్సిటీ రికార్డులో ఇంకా ఇండియా నంబరే ఉంది! వీసా పోతుందేమోనని వచ్చానక్కా అంది. ఆ మాట నేను మర్చిపోలేను. కాబట్టి దిగిన వారంలోనే అమెరికా నంబరు తీసుకుని స్టూడెంట్ పోర్టల్‌లో మార్చు, అత్యవసర మెసేజ్‌ల దగ్గర టిక్ ఉందో లేదో చూసుకో. 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో కాల్పులు జరిగాక, 2008లో క్లెరీ చట్టాన్ని (క్యాంపస్ భద్రత చట్టం) సవరించి, క్యాంపస్‌లో ప్రాణాపాయం ఉంటే వెంటనే హెచ్చరించడం యూనివర్సిటీలకి తప్పనిసరి చేశారు. దానికోసం పెట్టుకున్న మెసేజ్ వ్యవస్థతోనే చాలా చోట్ల మంచు సమాచారం కూడా పంపిస్తారు.

ఇక్కడ కలెక్టర్ లాంటివాళ్లు ఎవరూ లేరు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీయే నిర్ణయించుకుంటుంది. పక్క ఊళ్లో స్కూళ్లు మూసినా నీ క్యాంపస్ తెరిచే ఉండొచ్చు. మా దగ్గరైతే తెల్లవారకముందే క్యాంపస్ పోలీసులు, మంచు తీసే సిబ్బంది రోడ్లూ నడకదారులూ చూసి వస్తారు. సిటీ బస్సులు నడుస్తాయో లేదో కనుక్కుంటారు. వాతావరణ శాఖ అంచనా చూసుకుని పైవాళ్లకి చెప్తారు. పొద్దున 5, 6 గంటల మధ్య మెసేజ్ వచ్చేస్తుంది. అంచనా మరీ గట్టిగా ఉంటే ముందురోజు రాత్రే చెప్పేస్తారు. అలారం ఒక అరగంట ముందుకు పెట్టుకుని, లేవగానే ఫోన్ చూసుకో.

మెసేజ్‌లో ఏముందో పూర్తిగా చదువు. "క్లాసులు రద్దు" అంటే ఆఫీసులు, లైబ్రరీ, ల్యాబులు నడవొచ్చు. "యూనివర్సిటీ మూసివేత" అన్నా హాస్టళ్లలో వేలమంది ఉంటారు కాబట్టి వంట, హీటింగ్, పోలీసు ఆగవు. అందరూ తికమకపడేది "ఆలస్యంగా తెరుస్తాం" అన్నప్పుడు. 10 గంటలకి తెరుస్తామంటే నీ 8 గంటల క్లాసు లేనట్టే. మరి 9:30కి మొదలయ్యే క్లాసో? కొన్ని చోట్ల అది మొత్తం రద్దు, కొన్ని చోట్ల మిగిలిన సగానికి రమ్మంటారు. మీ యూనివర్సిటీ వాతావరణ పాలసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఇప్పుడే చదివి పెట్టుకో.

మంచు పడిందని మూసేస్తే ఇక్కడ చలికాలమంతా మూసే ఉంచాలి, అందుకే సెలవు మీద ఆశ పెట్టుకోకు. యాన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ వాళ్లు 1978 నాటి మహా మంచు తుఫాను తర్వాత మళ్లీ క్లాసులు రద్దు చేసింది 2014 జనవరి 28న. అంటే 36 ఏళ్లకి. ఆ తర్వాత 2019 జనవరి 30, 31 తేదీల్లో చేశారు. ఈ రెండుసార్లూ కారణం మంచు కాదు, చలి. 2019లో గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించారు. దానికి తోడు ఒక గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో మంటలు లేచి, ఇళ్లలో హీటర్ 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (మన లెక్కలో సుమారు 18) తగ్గించుకోమని రాత్రిపూట ఫోన్లన్నీ మోగాయి. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని పడుకున్నాం.

అందుకే అంటున్నాను, ఎండ కాస్తోంది కదా అని మోసపోవద్దు. సున్నా ఫారెన్‌హీట్‌కి (మన లెక్కలో మైనస్ 18) గంటకి 15 మైళ్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 28లా తగులుతుంది, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టగలదు. అంత చలిలో రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా సరిగా పనిచేయదు, డీజిల్ చిక్కబడి బస్సులు మొరాయిస్తాయి. రెండు కిలోమీటర్ల నడకంటే మంచులో అరగంట పైమాటే. జీన్స్, కాటన్ సాక్సులతో బయటికి రావద్దు. ఉన్ని సాక్సులు, చెవులు మూసే టోపీ, వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిటెన్స్ కొనుక్కో. ఇండియాలో కొని మోసుకురావద్దు, ఇక్కడి చలికి తగ్గవి ఇక్కడే దొరుకుతాయి.

క్యాంపస్ తెరిచి ఉందంటే నీ గుమ్మం ముందు దారి బాగుందని అర్థం కాదు. వాళ్లు చూసింది వాళ్ల రోడ్లు. నీ ఇంటి నుంచి బస్‌స్టాప్ దాకా సంగతి నువ్వే తేల్చుకోవాలి.

డాలస్ వాసి

అక్క చెప్పింది చలికి అలవాటుపడ్డ రాష్ట్రం సంగతి. టెక్సస్ వచ్చేవాళ్ల కోసం నాదొక మాట. 2021 ఫిబ్రవరిలో నేను ఇక్కడే ఎమ్మెస్ చేస్తున్నాను. డాలస్‌లో మైనస్ 19 సెల్సియస్‌కి పడిపోయింది. 15వ తేదీ సోమవారం అర్ధరాత్రి దాటాక కరెంటు కోతలు మొదలయ్యాయి. రాష్ట్రం మొత్తమ్మీద 45 లక్షలకి పైగా ఇళ్లు, వ్యాపార సంస్థలు చీకట్లో ఉన్నాయి. యూనివర్సిటీ మూసివేత ఒకరోజు తర్వాత ఒకరోజు పొడిగిస్తూ మెయిల్స్ పంపింది. ఫోన్ చార్జింగ్ ఉంటే కదా చూడ్డానికి! క్లాసులు ఆన్‌లైన్‌లో పెట్టినా కరెంటు లేనివాడికి ఏం ఉపయోగం? మా ప్రొఫెసర్లు మంచివాళ్లు, గడువులన్నీ వెనక్కి జరిపారు.

పవర్ బ్యాంకు నింపి పెట్టుకోండి. రాత్రి కుళాయిల్లోంచి సన్నటి ధార వదలండి, లేకపోతే పైపులు పగులుతాయి. చలి ఆగక ఇంట్లో కుంపటి, బొగ్గుల గ్రిల్ వెలిగించొద్దు, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఆ తుఫానులో ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు, వాళ్లలో ఇలా పోయినవాళ్లూ ఉన్నారు.

గుంటూరు నాన్న

మా అమ్మాయి ఒహాయోలో ఉంది. టీవీలో మంచు తుఫాను అని చూసి ఫోన్ చేస్తే ఎత్తదు. మేము ఎక్కడ చూసుకోవాలమ్మా?

హనుమకొండ అక్క

బాబాయ్ గారూ, మీ టీవీలో తుఫాను వార్త వచ్చే వేళకి ఇక్కడ తరచుగా అర్ధరాత్రి, పడుకుని ఉంటుంది. యూనివర్సిటీ వెబ్‌సైట్ మొదటి పేజీలోనే మూసివేత సమాచారం పైన పట్టీలా వేస్తారు, అది మీరు అక్కడినుంచే చూడొచ్చు. రూమ్మేట్ నంబరు ఒకటి కూడా తీసుకుని పెట్టుకోండి.

పెన్నాతీరం

అక్కా, డాలస్ అన్నా, చాలా థ్యాంక్స్. అమ్మకి చదివి వినిపించాను, టోపీ గురించి మాత్రం రెండుసార్లు చదివించుకుంది. ఒక్క డౌటు: డైనింగ్ హాల్ ఆగదన్నారు కదా, ఆ రోజు నేను షిఫ్టుకి వెళ్లాల్సిందేనా?

హనుమకొండ అక్క

అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వంటవాళ్లని తప్పనిసరి సిబ్బంది కింద లెక్కేస్తారు, విద్యార్థి ఉద్యోగుల్ని కొన్నిచోట్ల రమ్మంటారు, కొన్నిచోట్ల వద్దంటారు. గంటల జీతం కాబట్టి రాని రోజుకి డబ్బు రాకపోవచ్చు. పనిలో చేరేటప్పుడే సూపర్‌వైజర్‌ని అడుగు, వాళ్ల నంబరు ఫోన్‌లో పెట్టుకో.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. ఈ వారం షిఫ్టు పోయిందని వచ్చే వారం 24 గంటలు చేస్తానంటే కుదరదు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఏ వారానికి ఆ వారం 20 గంటల పనే, మిగిలినవి ముందుకి జరపడానికి లేదు. ఒకరోజు క్లాసు పోతే స్టేటస్‌కి ఏమీ కాదు, ఇది దాటితే మాత్రం నిజంగానే ప్రమాదం. సూపర్‌వైజర్ ఇస్తానన్నా ఒప్పుకోకు, అనుమానం వస్తే ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టు.