‘తుంబావో’ను తెలుగులో ఏమందాం?

క్యూబా గాయని సేలియా క్రూస్ 2001లో తెచ్చిన ఆల్బమ్ పేరు ‘లా నేగ్రా తియేనే తుంబావో’. మాటకి మాటగా ‘నల్లపిల్లకి తుంబావో ఉంది’ అని. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలని గుంపులో ఒకరు అడిగితే చాలామంది ‘నల్లపిల్ల వయ్యారం’ అన్నారు. ‘నేగ్రా’ సంగతి తర్వాత చూద్దాం. ‘వయ్యారం’ మాత్రం నాకు ఒప్పుదల కాలేదు.

ముందు మాట రూపం. స్పానిష్‌లో తుంబార్ అంటే పడగొట్టడం. దాని నుంచి వచ్చిన ‘తుంబాదో’ క్యూబా నోట్లో ‘తుంబావో’ అవుతుంది. అక్కడ ఇలాంటి మాటల చివర దకారం జారిపోవడం మామూలే. అలసిపోయినవాడిని పుస్తకంలో ‘కన్సాదో’ అని రాస్తారు, వీధిలో ‘కన్సావో’ అంటారు. మన ‘చేసినాడు’ ‘చేశాడు’ అయినట్టే. ఆల్బమ్‌లో అదే పేరున్న పాటలో దీనికి ప్రాసగా వచ్చేది ‘లావో’. అదీ ‘లాదో’నే, అంటే పక్క. బడిలో నేర్పే స్పానిష్‌లో కాకుండా ఇంట్లో మాట్లాడే స్పానిష్‌లోనే పాట నడుస్తుంది.

ఇక అర్థం. క్యూబా వాద్యకారులకి తుంబావో అంటే మంద్రస్వరాల బాస్ వాద్యం, కాంగా డ్రమ్ములు పాటంతా పదేపదే వాయించే మూల వరస. కాంగాను అక్కడ తుంబదోరా అంటారు. బాస్ తుంబావో వినాలంటే నాలుగు దెబ్బల తాళం వేసుకుని కూర్చోండి. మొదటి దెబ్బ మీద బాస్ పలకదు. రెండో దెబ్బ దాటిన అరదెబ్బకి ఒకసారి, నాలుగో దెబ్బ మీద ఇంకోసారి పలుకుతుంది. ఆ నాలుగో దెబ్బ మీది స్వరం నిజానికి తర్వాతి ఆవర్తనానిది, అంటే తాళం తర్వాతి చుట్టుది, ముందే వచ్చేస్తుంది. చెవి సమం కోసం, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ కోసం, ఎదురుచూస్తుంటే బాస్ అప్పటికే దాన్ని దాటి వెళ్లిపోయి ఉంటుంది. క్యూబా పాటల్లోంచి పుట్టిన సల్సా అనే నాట్య సంగీతం వింటూ కదలకుండా కూర్చోలేకపోవడానికి సగం కారణం ఇదే.

అదే మాటను మనిషి నడకకీ వాడతారు. ఫలానా ఆవిడకి తుంబావో ఉంది అంటే ఆవిడ అడుగులో ఒక తూగు, ఒక ధీమా ఉన్నాయని. ‘వయ్యారం’తో నా తగువు ఇక్కడే. వయ్యారం చూసేవాడి కోసం ఒలికేది. ఈ పాటలో ఆవిడ పక్కకి నడవదు, తిన్నగా నడుస్తుంది. ‘లావో’ అన్న ప్రాస వచ్చేది ఆ మాట చెప్పడానికే. తిన్నగా నడిచే మనిషికి వయ్యారం అంటగడితే పాట తలకిందులైపోతుంది.

నా ప్రతిపాదన ‘నడ’. తెలుగులో నడ అంటే నడక, సంగీతంలో నడ అంటే గతి, తాళం నడిచే తీరు. తిశ్ర నడ, ఖండ నడ అని మృదంగం నేర్చుకునే పిల్లలు కూడా అంటారు. తుంబావోకి ఉన్న రెండు అర్థాలూ ఒకే మాటలో దొరికాయి. ఇంకేం కావాలి?

ఈ ఆల్బమ్‌కి ఆ మాట ఇంకా బాగా అతుకుతుంది. పేరు పాటను సెర్హియో జార్జ్, ఫెర్నాందో ఒసోరియో రాశారు. అడుగున సల్సా, దాని మీద రేగే ఊపు, మధ్యలో మైకీ పెర్ఫెక్తో రాప్. సేలియా 1950లో సొనోరా మతన్సేరా అనే క్యూబా సంగీత బృందంలో చేరిన మనిషి, 1960లో క్యూబా వదిలి వచ్చిన మనిషి. 1962లో తల్లి పోతే కడచూపుకి కూడా ఆవిడను దేశంలోకి రానివ్వలేదు. అలాంటి గాయని 75 దాటాక రాప్ పక్కన నిలబడి పాడింది, తన నడ మార్చుకోలేదు. 2002లో లాటిన్ గ్రామీ, 2003లో గ్రామీ, ఈ రెండు సంగీత పురస్కారాలూ ఈ ఆల్బమ్‌కి ఉత్తమ సల్సా ఆల్బమ్‌గా వచ్చాయి. ఆ జులైలోనే ఆవిడ కన్నుమూసింది.

వ్యాఖ్య: నడ బాగుందండీ, కానీ ‘నల్లపిల్లకి నడ ఉంది’ అంటే ఈ రోజుల్లో ఎవరికి అర్థమవుతుంది? మా ఇంట్లో అంటే ‘నడక వచ్చిందా?’ అని అడుగుతారు. ‘ఠీవి’ అనకూడదా?

జవాబు: మీరన్నది నిజమేనండీ, ‘ఉంది’తో అది నిలబడదు. స్పానిష్ వాక్యాన్ని మక్కీకి మక్కీ దించక్కర్లేదు. ‘నల్లపిల్ల నడే వేరు’ అనొచ్చు. అలా అంటే మృదంగం తెలియనివాళ్లకీ అందుతుంది. ఠీవిలో ధీమా వచ్చింది గానీ తాళం రాలేదు, నిలబడి ఉన్న మనిషికి కూడా ఠీవి ఉంటుంది.

వ్యాఖ్య: ‘నల్లపిల్ల’ మొరటుగా లేదా? ‘చామనచాయ పిల్ల’ అంటే మర్యాదగా ఉంటుంది కదా.

జవాబు: దయచేసి ఆ పని చేయొద్దండీ. క్యూబాలో ‘నేగ్రా’ రంగు చెప్పే మాట, ఇంట్లో ముద్దుగా పిలుచుకునే మాట కూడా. పాడింది నల్లజాతి స్త్రీ, ఆ మాటను గొంతెత్తి పాడింది. దాన్ని చామనచాయ చేస్తే ఆవిడ గర్వంగా చెప్పినదాన్ని మనం సిగ్గుపడి దాచినట్టవుతుంది. ‘నల్లది’ అంటే మన దగ్గర తిట్టు, అది వద్దు. ‘నల్లపిల్ల’లో చనువు ఉంది.

వ్యాఖ్య: పాటల మధ్యలో ఆవిడ ‘అసూకార్!’ అని అరుస్తుంది కదా, దానికీ ఏదైనా చెప్పండి.

జవాబు: అది పంచదార. మయామీలో ఒక హోటల్లో కాఫీలోకి పంచదార వేయమంటారా అని అడిగిన వెయిటర్‌తో మొదలైందని ఆవిడే చెప్పేది. దీనికి మనం తెలుగు వెతకాల్సిన పని లేదు. సంస్కృత ‘శర్కర’ పారసీకం, అరబ్బీ మీదుగా స్పెయిన్ చేరి ‘అసూకార్’ అయింది, ప్రాకృతం మీదుగా మన దగ్గరికి వచ్చి ‘చక్కెర’ అయింది. తెలంగాణవాళ్లు ‘చక్కెర!’ అని అరిస్తే చాలు.