కథల పోటీ పరీక్ష హాల్లో పెట్టొచ్చా?

బుగ్గవంక (ఎమ్మే, కడప):
అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీ పేరు చెప్పను. ఏటా విద్యార్థులకు కథల పోటీ ఉంటుంది, గెలిచిన కథ వార్షిక సంచికలో అచ్చేస్తారు. పోయినేడు దాకా ఇంట్లో రాసుకొచ్చి ఇచ్చేవాళ్లం. ఈ తూరి రూలు మార్చినారు. పరీక్ష హాల్లో కూర్చోవాలంట, టాపిక్ అప్పటికప్పుడు బోర్డు మీద రాస్తారంట, 3 గంటల్లో కథ ముగించి పేపరు ఇచ్చేయాలంట. చాట్‌జీపీటీతో రాయించుకొస్తున్నారని సార్లు చెప్తున్న కారణం. నాకైతే ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టుంది. మీరేమంటారు?

గండికోట (రిటైర్డ్ తెలుగు లెక్చరర్):
ఇలాంటి పోటీకి జడ్జిగా కూర్చున్నవాణ్ణి బాబూ. హాల్లో పెట్టడమే మంచిదంటాను. పోయినసారి నా ముందు పడిన కట్టలో సగం కథలు ఒకే చెయ్యి రాసినట్టున్నాయి. ప్రతి కథలో ఒక అవ్వ, ఒక వేపచెట్టు, చివర్లో తూర్పున వెలుగు. ఊరికి పేరుండదు, మనుషులకు ఇంటిపేర్లుండవు, ఎవరూ ఎవర్నీ తిట్టరు. ఒకడైతే జమ్మలమడుగు పక్క పల్లె అని రాసి, నడి ఎండాకాలంలో కొబ్బరిచెట్ల నీడన వరినాట్లు వేయించినాడు. పిల్లోడు కడప జిల్లా వాడే! ఇచ్చేముందు ఒక్కసారి చదువుకున్నా ఆ వాక్యం కొట్టేసేవాడు.

అదే కట్టలో ఒక పాప కథ ఉండింది. నాయన బండల ఫ్యాక్టరీలో కోత మిషన్ కాడ పని చేస్తాడు. పొద్దస్తమానం నీళ్లలో నాని కాలివేళ్ల సందులు ఒరిసిపోయింటాయి. రాత్రి కూతురు కొబ్బరినూనె రాయబోతే కాలు వెనక్కి లాక్కుంటాడు. అంతే కథ. ప్రైజు దానికే ఇచ్చినాం.

ఇక అప్పటికప్పుడు రాయలేమనే మాట మన జిల్లాలో చెల్లదు. ప్రొద్దుటూరు అవధానుల గడ్డ. దుర్భాక రాజశేఖర శతావధానికి పేరులోనే శతావధానం ఉంది. మీకు ఒక్క టాపిక్ కష్టమా?

పెన్నగట్టు (అనంతపురం):
సార్, మీరంటే గౌరవం. కానీ ఆ శతావధాని గారు రాణాప్రతాపసింహ చరిత్రను ప్రశ్నలడిగే పృచ్ఛకుల మధ్య కూర్చొని చెప్పలేదు కదా. అవధానం ధారణకు, అంటే జ్ఞాపకశక్తికి పరీక్ష, కావ్యం సంగతి వేరు.

పరీక్షలంటారా, కవి పుట్టపర్తి నారాయణాచార్యుల ముచ్చట మీకు తెలియంది కాదు. చిన్నతనంలో తాను రాసిన పెనుగొండలక్ష్మి కావ్యం, తెలుగు పండితులయ్యేవాళ్లు రాసే విద్వాన్ పరీక్షలో తనకే పాఠ్యపుస్తకమై కూర్చునింది. ఒక్క ప్రశ్నకే పేజీలకు పేజీలు రాస్తూ పోయి ఆ పరీక్ష తప్పినాడని మా పెద్దోళ్లు చెప్తారు. మీ హాల్లో ఆయన కూర్చున్నా ప్రైజు రాదు.

ఇంకోటి. మీరు మెచ్చుకున్న ఆ పాపకు బోర్డు మీద ‘నీటి విలువ’ అని టాపిక్ ఇచ్చుంటే ఏం రాసేది? బోరుబావుల మీద వ్యాసం రాసిచ్చి బస్సెక్కేది.

బురుజుకాడ (బీఎస్సీ, కర్నూలు):
అన్నా, నేను సార్ పక్కే. మాది హాస్టలు. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్లో తెలుగు కొట్టేకొద్దీ వేళ్లు నొస్తాయి. చాట్‌జీపీటీ వచ్చిందే 2022 నవంబరులో. అంతకు ముందు మాత్రం గెలిచిన కథలన్నీ గెలిచినోళ్లే రాసినారా? లెక్చరర్లైన మామలుండిరి, పత్రికల్లో పనిచేసే బాబాయిలుండిరి. మాకు ఆ మామ లేడు. హాల్లో అయితే అందరికీ అదే బెంచీ, అదే పేపరు. టాపిక్ చెత్తగా ఉంటే మంచి టాపిక్ అడగండి. హాలు ఎందుకు తీసేయడం?

సీమపిల్ల (ఎమ్మే ఇంగ్లీషు):
టాపిక్ ఇవ్వడం తప్పేం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థులకు న్యూడిగేట్ ప్రైజు 1806 నుంచి ఉంది, అక్కడా అంశం యూనివర్సిటీనే ఇచ్చేది. 1878లో ఇటలీలోని రవెన్నా అనే ఊరి మీద కవిత రాయమన్నారు. తర్వాత పెద్ద రచయితైన ఆస్కార్ వైల్డ్ అంతకు ముందేడే ఆ ఊరు చూసొచ్చినాడు, ప్రైజు కొట్టినాడు. అదృష్టమే అనుకోండి. కానీ అంశం ముందే చెప్పినారు, గంట కొట్టి పేపరు లాక్కోలేదు. మనకూ ‘మా ఊరి బస్టాండు’ అని ఇచ్చి నెల టైమివ్వమనండి. ముద్దనూరు బస్టాండులో బస్సు కోసం నిలబడినోళ్లు ఎవరో, నిలబడనోళ్లు ఎవరో చదవంగానే తెలిసిపోతుంది.

దేవునికడప:
ఇంత గొడవెందుకు? పట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, వేసి చూస్తే సరి.

సీమపిల్ల:
చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే అట్లాంటిదొకటి పెట్టి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేసినారు. దాన్ని నమ్మి ఒక పిల్లోడి కథ పక్కన పడేస్తారా?

పెన్నగట్టు:
నా మాట ఇది. ఇంట్లోనే రాయనివ్వండి, చిత్తుప్రతి కూడా అడగండి, వడపోతలో మిగిలినోళ్లను పిలిచి మాట్లాడండి. బ్రౌన్ దొర వేమన పద్యాలు 1829లో అచ్చేయించినాడంటే తాటాకు ప్రతులు ఎన్నో తెప్పించి, పండితుల చేత పాఠాలు పోల్చి చూయించిన తర్వాతే. కడపలో ఆయన పేరుతో ఎర్రముక్కపల్లె కాడ లైబ్రరీనే ఉంది కదా, ఒక పొద్దు అక్కడ కూర్చోండి. ‘ఈ అవ్వ ఎవరమ్మా? ఇక్కడ ఈ మాట ఎందుకు కొట్టేసినావు?’ అని అడిగితే ఎవరు రాసిందీ తేలిపోతుంది.

గండికోట:
చిత్తుప్రతి కూడా ఆ చాట్‌జీపీటీనే రాసిస్తుంది నాయనా, కొట్టివేతలతో సహా. చేతిరాతలో కావాలంటే చూసి రాస్తారు. అడగడమంటారా, ఆ బండల ఫ్యాక్టరీ పాప సంగతే చెప్తా. ప్రైజు తీసుకున్న రోజు రెండు మాటలు చెప్పమంటే మైకు ముందు తల దించుకొని, అట్లనే స్టేజీ దిగిపోయింది. మీ పద్ధతిలో ఆ పాపే దొంగైపోయేది.

బుగ్గవంక:
స్టేజీ మీద వద్దు సార్. తలుపేసిన గదిలో, కథ కాగితాలు చేతిలో పెట్టి, అడిగేవాళ్లలో ఒక మేడం ఉండేట్టు చూసి అడగమంటాం. సోమవారం హెచ్‌ఓడీ సార్‌కి అర్జీ ఇస్తున్నాం. అంశం నెల ముందు చెప్పాలి, ఇంట్లో రాయనివ్వాలి, చివరికి మిగిలినోళ్లతో గదిలో మాట్లాడాలి. ఇప్పటికి మా క్లాసంతా సంతకాలు పెట్టినారు.

బురుజుకాడ:
మామల సంగతి అర్జీలో లేదే?

బుగ్గవంక:
మామ రాసిచ్చిన కథైనా గదిలో అడుగుతారు కదా తమ్ముడూ.

బురుజుకాడ:
నేర్పించి మరీ పంపిస్తాడన్నా మామ. మా దగ్గర ఇట్లాంటి అర్జీ తెస్తే నేనైతే సంతకం పెట్టను.