సమస్యాపూరణం: విప్పకున్న ముడియె విచ్చుకొనును

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

విప్పకున్న ముడియె విచ్చుకొనును

ముడి విప్పితేనే కదా విచ్చుకునేది! చిక్కంతా అక్కడే. విషయం కూడా నేనే చెబుతున్నా: ఎమ్యులేటర్‌లో, అంటే పాత గేమ్ యంత్రాలను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములో, మొండికేసిన పాత ఆటలు. పద్యం కింద మరమ్మతు కిటుకు రాయాలి. కిటుకు తప్పైతే పద్యం ఎంత బాగున్నా మార్కులుండవు.

రోమ్‌రాజు:

ఆట చిప్పులన్ని యందులో నుండగా
జిప్పు విప్పి వేయ జిక్కు వచ్చె
మేము విప్పవలదు మేమె తా జదువును
విప్పకున్న ముడియె విచ్చుకొనును

కిటుకు: ఆర్కేడ్ ఆటల ఎమ్యులేటర్ మేమ్‌కి జిప్పు ఫైలును అలాగే ఇవ్వాలి. లోపల ఉండే ఒక్కో ఫైలు అసలు బోర్డు మీది ఒక్కో చిప్పుకు నకలు.

గుర్వక్షరం: "వేయ జిక్కు" అని సరళాదేశం చేశారు, సంతోషం. "మేమె తా జదువును" మాత్రం మేమ్ పేరు వినని వాళ్లకి వ్యాకరణం తప్పినట్టు వినిపిస్తుంది.

రోమ్‌రాజు: శ్లేష కోసమే అలా రాశానండీ!

నిర్వాహకుడు: శ్లేష బాగుంది. కిటుకు సగమే ఉంది. మేమ్ 1997 నుంచి మారుతూనే వస్తోంది. కొత్త వర్షన్లలో ఫైళ్ల పేర్లు, సెట్లు (ఒక్కో ఆటకు కావాల్సిన ఫైళ్ల గుంపులు) మారిపోతుంటాయి. పాత సెట్టు ఇస్తే, విప్పకపోయినా ఫలానా ఫైలు లేదని గొణుగుతుంది. నియోజియో అనే గేమ్ యంత్రం ఆటలకైతే నియోజియో పేరుతో ఉన్న బయాస్ (యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాము) జిప్పు కూడా రోమ్‌ల (చిప్పు నకళ్ల) ఫోల్డర్‌లో ఉండాలి. ఇక ప్లేస్టేషన్ డిస్కు జిప్పులో వస్తే చాలా ఎమ్యులేటర్లకు విప్పి ఇవ్వాల్సిందే. ఈ పద్యం చదివి అక్కడా అలాగే వదిలేయకండి.

కొత్తకవి: అన్నలూ, మొదటిసారి రాస్తున్నా. డిస్కు నకలులో జంటగా వచ్చే క్యూ, బిన్ ఫైళ్ల మీద.

క్యూకు బిన్నుకున్న కొంగుముడిని దెంపి
పేరు మార్చగానే బెదరె నాట
పాత పేరె యుంచు పతిపత్ని విడిపోరు
విప్పకున్న ముడియె విచ్చుకొనును

గుర్వక్షరం: రెండో పాదంలో "గానే" రెండు గురువులు, సూర్యగణం కాదు తమ్ముడూ. "మార్చినంత" అను, సరిపోతుంది.

నిర్వాహకుడు: దిద్దుకుంటే మంచి పూరణ. క్యూ ఫైలు మామూలు టెక్స్టే, అందులో బిన్ ఫైలు పేరు రాసి ఉంటుంది. బయట పేరు మార్చి తీరాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి లోపలా మార్చండి, ముడి తెగదు.

జాయ్‌స్టిక్ జానకి:

తాళ మున్న డిస్కు తలుపు బద్దలు గొట్ట
నేల యెస్బిఐని నిచట జేర్చు
గుట్టు చెడక యుండ గుర్తులే కలియంగ
విప్పకున్న ముడియె విచ్చుకొనును

కొత్తకవి: అక్కా, మధ్యలో బ్యాంకు ఎందుకొచ్చింది?

జాయ్‌స్టిక్ జానకి: బ్యాంకు కాదు, ఫైలు! యూరప్‌లో అమ్మిన కొన్ని ప్లేస్టేషన్ డిస్కులకు లిబ్‌క్రిప్ట్ అనే తాళం ఉండేది. డిస్కులోని కొన్ని సెక్టార్ల (చిన్న భాగాల) సబ్‌ఛానెల్ సమాచారాన్ని, అంటే అసలు డేటా పక్కన ఉండే అదనపు సమాచారాన్ని, కావాలనే చెడగొట్టి, ఆ చెడిన చోట్లలోనే తాళంచెవి దాచారు. బిన్, క్యూ నకలులో సబ్‌ఛానెల్ రాదు. అందుకే ఆట మొదలై, కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. మనమేమో గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ తిప్పుతూ టెన్షన్ పడతాం. ఆ చెడిన చోట్ల పట్టీయే ఎస్‌బీఐ ఫైలు. డిస్కు ఫైలు పేరే దానికీ పెట్టి పక్కన ఉంచితే చాలు, ఆటను క్రాక్ చేయక్కర్లేదు.

గుర్వక్షరం: కిటుకు అమోఘం. కానీ రెండో పాదంలో యతి తప్పిందమ్మా. "నిచట"లో నకారం ద్రుతం, అంటే ముందు మాట చివరి నకారం. అసలు మాట "ఇచట". "నే"కి "ఇ"తో యతి ఎక్కడిది? "నెలవు జేర్చు" అనండి.

నిర్వాహకుడు: తొందరపడ్డారు. "గొట్ట నేల" అంటే కొట్టన్ + ఏల. అక్కడి నకారమూ ద్రుతమే. పాదం మొదట్లో ఉన్నది ఏకారం, యతిస్థానంలో ఉన్నది ఇకారం. రెండూ స్వరమైత్రి ఉన్నవే, స్వరయతి చక్కగా చెల్లింది. మీ "నెలవు" పెడితేనే యతి చెడుతుంది.

గుర్వక్షరం: ఒప్పుకున్నాను మాస్టారూ. ఇక నా పూరణ:

అర్ధరాత్రి దాక నాటపై కూర్చుండ
ఆలి నుదుట మడత లమరె గాదె
ఫైలు కట్టిపెట్టి పడకకు జేరుము
విప్పకున్న ముడియె విచ్చుకొనును

ఫైలు విప్పకపోతే నుదుటి ముడి విచ్చుకుంటుందని అన్వయం.

జాయ్‌స్టిక్ జానకి: మా ఇంట్లో నుదురు ముడిచేది మా ఆయన!

నిర్వాహకుడు: ముడిని ఇలా విడగొట్టి అన్వయించినవారు ఇంకెవరూ లేరు. పద్యాల్లో దీనికే నా ఓటు. కానీ కిటుకేదీ?

గుర్వక్షరం: సేవ్ స్టేట్ మాస్టారూ, ఆట ఆ క్షణంలో ఉన్న స్థితిని ఎమ్యులేటరే దాచిపెట్టడం. ఎక్కడ ఆపినా రేపు అక్కడినుంచే.

నిర్వాహకుడు: ఎమ్యులేటర్ వర్షన్ మారితే పాత సేవ్ స్టేట్ తెరుచుకోకపోవచ్చు. ఆటలోనే మెమరీ కార్డు మీద కూడా సేవ్ చేసుకోమని కలపండి, మార్కులు వేస్తాను.