షుగర్ ఉన్నవాళ్లను ఫోన్ కుర్చీలోంచి లేపగలదా?

రాత్రిషిఫ్టు: షుగర్ వచ్చి ఆరేళ్లు. హైదరాబాద్‌లో కాల్‌సెంటర్ పని, తొమ్మిది గంటలు కుర్చీలోనే. డాక్టరుగారు అరగంటకోసారి లేవమన్నారు, ఎంతసేపు కూర్చున్నామో లెక్కేసి, లేవమని మోగే యాప్ ఫోన్లో పెట్టుకున్నా. రెండు వారాలు లేచాను. ఇప్పుడు అది మోగగానే వేలు దానంతటదే వెళ్లి ఆపేస్తోంది. వీటితో ఎవరికైనా మేలు జరిగిందా?

మాస్టారు62: పొద్దున్నే గంట నడవండి, చాలు. పదిహేనేళ్లుగా నా మందు అదే. యాప్ ఎందుకు?

ఫిజియో_వరంగల్: నడక మంచిదే మాస్టారూ, కానీ తర్వాత రోజంతా కూర్చుంటే దాని నష్టం దానిదే. అరగంటకోసారి లేవమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది. అదే ఏడాది వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో టైప్ 2 (ఎక్కువమందికి ఉండే రకం) షుగర్ ఉన్నవాళ్లు అరగంటకోసారి 3 నిమిషాలు మెల్లగా నడిచినా, ఉన్నచోటే సగం గుంజీలు తీసి మడమలు ఎత్తినా, తిన్న తర్వాత షుగర్ బాగా తగ్గింది. కండరం కదిలితే ఇన్సులిన్ లేకుండా కూడా గ్లూకోజ్‌ని లాక్కుంటుంది.

కుట్టుమిషన్: నాది టైలరింగ్. ఫోన్ బల్లమీద ఉంటుంది. గంటసేపు నిలబడి బట్ట కత్తిరించినా కూర్చున్నట్టే లెక్క రాస్తోంది.

మాస్టారు62: అందుకే యంత్రాన్ని నమ్మొద్దంటున్నా. లేవాలని ఉంటే గడియారం చూసి లేవొచ్చు. ఇప్పటివాళ్లకు బద్ధకం.

ఫిజియో_వరంగల్: జేబులో పెట్టుకోండమ్మా, లేదా చేతికి వాచీ కట్టుకోండి.

రాత్రిషిఫ్టు: బద్ధకం అనొద్దు మాస్టారూ. మేం లేవాలంటే సిస్టంలో బ్రేక్ నొక్కాలి, అది టీమ్ లీడర్‌కి కనిపిస్తుంది, నెలాఖరున లెక్క అడుగుతారు. ఎందుకు లేస్తున్నావంటే ఏం చెప్పను? షుగర్ ఉందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. నా పక్క సీటాయన చెప్పాడు, మూడు నెలల్లో పంపించేశారు. యాప్ మోగితే పక్కవాళ్లు వింటారని నాకు టెన్షన్.

మాస్టారు62: జబ్బు దాచడం తప్పు.

రాత్రిషిఫ్టు: ఉద్యోగం పోతే నా ఇంటి ఈఎంఐ ఎవరు కడతారండీ?

మాస్టారు62: నేను ముప్ఫై ఏళ్లు నిలబడి పాఠం చెప్పినవాణ్ణి, మీ కుర్చీ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. దాచడం మాత్రం తప్పే.

కుట్టుమిషన్: తమ్ముడూ, హెడ్‌సెట్ వైరు పొడుగెంత? కాల్ మాట్లాడుతూనే నిలబడొచ్చా?

రాత్రిషిఫ్టు: నిలబడటానికి సరిపోతుందక్కా. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి ఈ రాత్రే మొదలుపెడతా.